చలికాలం బండి పెట్రోల్ ట్యాంకు: నింపాలా, ఖాళీ చెయ్యాలా?

ముందు మీ ప్రశ్నని నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను. డాలస్‌లో ఉన్నన్నాళ్లూ ఏడాది పొడవునా బండి నడిపారు. ఇప్పుడు ఉద్యోగం మారి మినియాపోలిస్ పక్కన ప్లిమత్‌కి వచ్చారు, ఇదే మొదటి చలికాలం. మీ దగ్గర రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 ఒకటి ఉంది. ఎప్పటికైనా కట్టుకుందామని కొన్న పాత హోండా సీబీ350 ట్యాంకు ఇంకొకటి ఉంది, విడిగా, లోపల అక్కడక్కడా తుప్పుతో. హీటింగ్ లేని గరాజ్ ఉంది, వెచ్చటి బేస్‌మెంట్ ఉంది. ఆఫీసులో ఒకాయన ట్యాంకు పూర్తిగా ఖాళీ చెయ్యమన్నారు, ఇంకొకాయన నిండా కొట్టించమన్నారు. ఊళ్లో మీ మామగారేమో "వారానికోసారి స్టార్ట్ చేస్తే చాలు బాబూ" అన్నారు. ఎవరి మాట వినాలి అన్నది మీ టెన్షన్.

ఆఫీసు వాళ్లిద్దరూ సగం సగం కరెక్టే. మామగారి మాట మాత్రం ఇక్కడ పనికిరాదు, ఎందుకో కింద చెప్తాను. బండి మీదున్న ట్యాంకు నిండుగా పెట్టండి. విడిగా ఉన్న ట్యాంకు ఎండగట్టి, లోపల నూనె పట్టించి పెట్టండి. ఈ రెండింటికీ మధ్యలో ఏది చేసినా ట్యాంకు పాడవుతుంది. సగం పెట్రోల్‌తో వదిలేయడం, పెట్రోల్ తీసేసి ఊరికే మూత పెట్టేయడం, ఈ రెండూ నేను చేసి చూశాను.

రెండోది నా మొదటి చలికాలంలో జరిగింది. అప్పుడు నా దగ్గర కార్బొరేటర్ ఉన్న పాత జపాన్ బండి ఉండేది. గరాజ్‌లో పెట్రోల్ ఎందుకులే, ప్రమాదం కదా అనుకుని అక్టోబర్ చివర్లో ట్యాంకు మొత్తం వంచేసి, మూత బిగించి, మహా జాగ్రత్త చేశాననుకున్నాను. ఏప్రిల్‌లో మూత తీసి టార్చ్ వేసి చూస్తే లోపలంతా ఇటుక పొడి చల్లినట్టుంది. అంతకు ఆరు నెలల ముందు అదే ట్యాంకు లోపల స్టీలు గిన్నెలా మెరిసేది. తుప్పు వదిలించడానికి మూడు వారాంతాలు పట్టింది. ఆ తర్వాత కూడా ఎండాకాలమంతా ఫిల్టర్లు మార్చుతూనే ఉన్నాను.

అలా ఎందుకయిందో తెలిస్తే మిగతా పనులన్నీ ఎవరూ చెప్పకుండానే అర్థమవుతాయి. మోటార్‌సైకిల్ ట్యాంకు బయటంతా పెయింటు, లోపల చాలావరకు ఉత్త స్టీలు. పెట్రోల్ ఉన్నంత మేర ఆ స్టీలుకి గాలి తగలదు. పెట్రోల్ తీసేస్తే మొత్తం లోపలి గోడ గాలికి బయటపడుతుంది. ట్యాంకు మూతకి ఊపిరి పీల్చుకునే సన్నటి దారి ఉంటుంది. పగలు వేడెక్కితే లోపలి గాలి బయటికి పోతుంది, రాత్రి చల్లబడితే బయటి గాలి లోపలికి వస్తుంది. వచ్చిన గాలిలో తేమ ఉంటుంది, అది చల్లటి స్టీలు మీద చెమటలా పడుతుంది. అక్టోబర్, నవంబర్, మళ్లీ మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇది మరీ ఎక్కువ. పగటికీ రాత్రికీ 15 డిగ్రీల తేడా వచ్చే రోజులవి. జనవరిలో మైనస్ 20 ఉన్నప్పుడు గాలిలో తేమే ఉండదు, ఆ నెలతో మనకి పేచీ లేదు.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు మాట చెప్తారు, ట్యాంకు ఖాళీగా ఉంటే గ్లాసులకొద్దీ నీళ్లు చేరతాయని. లెక్క వేసి చూడండి. 20 డిగ్రీల దగ్గర గాలి ఎంత తేమ పట్టినా ఘనపు మీటరుకి సుమారు 17 గ్రాములకి మించదు. 14 లీటర్ల ఖాళీ ట్యాంకులో పట్టే గాలిలో ఉండేది పావు గ్రాము నీళ్లు, అంటే నాలుగైదు చుక్కలు. పైగా ఒక్కో రాత్రి మారేది ఆ గాలిలో కొంత భాగమే. కాబట్టి ఆ చెమట వల్ల పెట్రోల్ నీళ్ల పాలవుతుందన్న భయం అక్కర్లేదు. కానీ స్టీలుకి తుప్పు పట్టడానికి చుక్కలు కూడా అవసరం లేదు, కంటికి కనపడనంత పల్చటి తడి పొర చాలు. నిండా కొట్టించమనేది పెట్రోల్‌ని కాపాడటానికి కంటే గోడని కప్పడానికే.

ఇక మీ ఇంటర్‌సెప్టర్ సంగతి. దాని ట్యాంకు 13.7 లీటర్లు, ఇక్కడి కొలతలో 3.6 గ్యాలన్లు. (ఇక్కడ దీన్ని గ్యాస్ అంటారని నాకూ తెలుసు. నేను పెట్రోల్ అనే రాస్తాను, గ్యాస్ అంటే నాకు ఇప్పటికీ వంటింట్లో సిలిండరే గుర్తొస్తుంది.) ఏ పెట్రోల్ కొట్టించాలన్న విషయంలో మినసోటాలో మనకి ఒక అదృష్టం ఉంది. మామూలు పంపులో వచ్చేది 10 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. కానీ చాలా బంకుల్లో "నాన్ ఆక్సిజనేటెడ్" అని రాసిన పంపు ఒకటి విడిగా ఉంటుంది, ఎక్కువగా 91 ఆక్టేన్. దాంట్లో ఇథనాల్ ఉండదు. కార్లకి కొట్టించకూడదు, మోటార్‌సైకిళ్లకీ పడవలకీ స్నోమొబైల్స్‌కీ పాతకాలపు కలెక్టర్ కార్లకీ గడ్డి కోసే మిషన్లకీ చట్టమే అనుమతిచ్చింది. గ్యాలన్‌కి కొంచెం ఎక్కువ అవుతుంది. ఏడాదికి ఒక్కసారి మూడున్నర గ్యాలన్లకి ఆ తేడా ఒక కాఫీ ఖర్చంత కూడా ఉండదు. లోభం చెయ్యకండి.

ఇథనాల్‌తో గొడవ ఏమిటంటే, అది నీటిని లాక్కుంటుంది. కొంతవరకు అది మంచిదే, చుక్కా రెండు చుక్కలు దాంట్లో కలిసిపోయి ఇంజిన్‌లో కాలిపోతాయి. 15 డిగ్రీల దగ్గర ఈ10, అంటే ఆ 10 శాతం ఇథనాల్ పెట్రోల్, తన పరిమాణంలో అర శాతం దాకా నీటిని ఇముడ్చుకోగలదు. మీ ట్యాంకు లెక్కలో అది దాదాపు 70 మిల్లీలీటర్లు. చలి పెరిగేకొద్దీ ఆ శక్తి తగ్గుతుంది. హద్దు దాటితే ఇథనాల్, నీళ్లు కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుక్కి దిగుతాయి. పెట్రోల్ పంపు పీల్చేది అడుగునుంచే. పైన మిగిలిన పెట్రోల్ ఆక్టేన్ కూడా పడిపోతుంది. అయితే ఇందాకటి లెక్క ప్రకారం చెమట వల్ల 70 మిల్లీలీటర్లు చేరవు. చేరితే మూత దగ్గర నుంచే చేరతాయి. చాలా బళ్లలో మూత చుట్టూ పడ్డ వాన నీళ్లు కిందికి పోవడానికి చిన్న రంధ్రం, దానికో సన్నటి గొట్టం ఉంటాయి. అందులో మట్టి పేరుకుంటే, మీరు బండిని కడిగినప్పుడు నీళ్లు అక్కడే నిలబడి మూత రబ్బరు సందులోంచి ట్యాంకులోకి దిగుతాయి. మీ బండికి ఆ ఏర్పాటు ఉందేమో చూసుకుని, ఉంటే సన్నటి నైలాన్ తీగతో శుభ్రం చెయ్యండి. మూత రబ్బరు పగిలి ఉంటే మార్చండి. చలికాలానికి ముందు జనం స్టెబిలైజర్ (పెట్రోల్ చెడిపోకుండా కలిపే మందు) సీసా మీద పెట్టే శ్రద్ధలో పదో వంతు ఈ రంధ్రం మీద పెడితే సగం ట్యాంకులు బతుకుతాయి.

స్టెబిలైజర్ వేయాలా అంటే వేయండి. ఇథనాల్ లేని పెట్రోల్ అయినా వేయండి. ఆరు నెలలు కూర్చున్న పెట్రోల్‌లో తేలికపాటి భాగాలు ఎగిరిపోతాయి, మిగిలింది గాలితో కలిసి మెల్లగా జిగురవుతుంది. ఎర్ర రంగులో దొరికే స్టాబిల్ 2.5 గ్యాలన్లకి 1 ఔన్సు కలపమంటారు. మీ ట్యాంకుకి ఒకటిన్నర ఔన్సు, సుమారు 45 మిల్లీలీటర్లు. సీఫోమ్ వాడేవాళ్లూ ఉన్నారు, దాని కొలత వేరు, డబ్బా మీద నిల్వకి ఎంతని రాశారో అంత పోయండి. పాతబడి కంపు కొడుతున్న పెట్రోల్‌లో ఏది కలిపినా అది కొత్తదవదు. చెడకముందే కలపాలి.

కలిపే క్రమం ముఖ్యం. ముందు స్టెబిలైజర్ ట్యాంకులో పోసి, ఆ తర్వాత బంకులో పెట్రోల్ కొట్టించండి, అదే కలుస్తుంది. ఇంటికి పది నిమిషాల దూరం నడిపి రండి. ఆ పది నిమిషాల్లో మందు కలిసిన పెట్రోల్ పంపులోకీ గొట్టాల్లోకీ ఇంజెక్టర్లలోకీ చేరుతుంది. గరాజ్‌లో నిలబెట్టిన బండికి మందు పోసి అలాగే వదిలేస్తే ట్యాంకు బాగుంటుంది, ఇంజెక్టర్లలో పాత పెట్రోలే మిగులుతుంది.

నిండా అంటే మూత దాకా పొంగించమని కాదు. పెట్రోల్ వేడికి బాగా వ్యాకోచిస్తుంది. 5 డిగ్రీల దగ్గర నింపిన మీ ట్యాంకు ఏప్రిల్ ఎండకి 25కి చేరితే పావు లీటరు పెరుగుతుంది. ఆ పావు లీటరు ఎక్కడికో ఒక చోటికి పోవాలి కదా. ఫిల్లర్ మెడ కింది అంచుకి ఒక వేలు తక్కువగా ఆపండి. ఆవిర్లు పట్టుకునే చార్‌కోల్ క్యానిస్టర్ ఉన్న బళ్లలో మెడ దాకా నింపితే పెట్రోల్ దాంట్లోకి పోయి అది పాడవుతుంది.

పెట్రోల్ గడ్డకడుతుందేమో అని కూడా అడిగారు. ఇక్కడి చలికి గడ్డకట్టదు. అడుగున చేరిన నీళ్లు మాత్రం కడతాయి. పాత బళ్లలో పెట్రోల్ ట్యాప్ కింద ఉండే చిన్న గిన్నెలో నీళ్లుంటే మంచు గడ్డై అది చిట్లిపోతుంది కూడా. మీ ఇంటర్‌సెప్టర్‌కి ట్యాప్ లేదు కాబట్టి ఆ బాధ లేదు. కార్బొరేటర్ బండి ఉన్నవాళ్లు చదువుతుంటే వాళ్ల కోసం ఒక్క మాట. ట్యాప్ కట్టేసి, ఫ్లోట్ బౌల్ (కార్బొరేటర్ అడుగున పెట్రోల్ నిలిచే గిన్నె) కింది స్క్రూ వదులు చేసి అందులో పెట్రోల్ మొత్తం తీసేయండి. ట్యాంకు నిండుగా, కార్బొరేటర్ ఎండుగా. పైలట్ జెట్ (కార్బొరేటర్‌లో పెట్రోల్ వెళ్లే సన్నటి దారి) రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు, అందులో ఒక్క బొట్టు పెట్రోల్ జిగురైతే ఏప్రిల్ అంతా చోక్ లాగుతూనే గడుస్తుంది.

ఇప్పుడు బేస్‌మెంట్. మీరు రాసిన వాటిలో నన్ను నిజంగా భయపెట్టింది "వెచ్చగా ఉంటుంది కదా, బండిని బేస్‌మెంట్‌లోకి దించేద్దామా" అన్న వాక్యం. వద్దు, పెట్రోల్ ఉన్న బండిని ఇంట్లో పెట్టకండి. మీ బేస్‌మెంట్‌లో గ్యాస్ ఫర్నేస్ ఉంటుంది, గ్యాస్ వాటర్ హీటర్ ఉంటుంది, రెండింట్లోనూ మంట ఉంటుంది. పెట్రోల్ ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. అది పైకి పోదు, నేల మీద నీళ్లలా పాకుతుంది, పల్లం వెతుక్కుంటుంది. ఇంట్లో అన్నిటికంటే పల్లం బేస్‌మెంటే. మైనస్ 40 డిగ్రీల దగ్గర కూడా అంటుకోవడానికి సరిపడా ఆవిరి ఇచ్చే ద్రవం అది. చల్లటి గరాజే బండికి సరైన చోటు. ఆ గరాజ్‌లో కూడా వాటర్ హీటర్ ఉంటే దానికి దూరంగా, ఎదుటి మూల పెట్టండి.

సీబీ350 ట్యాంకు వేరే కథ. విడి ట్యాంకులో పెట్రోల్ నింపి షెల్ఫ్ మీద పెట్టుకోలేం. యాభై ఏళ్ల నాటి ట్యాప్ రబ్బర్లని నమ్మి అసలే పెట్టలేం. దీన్ని ఎండగట్టాల్సిందే. ముందు లోపల ఏదైనా పెట్రోల్ మిగిలుందేమో చూడండి. చేతి పంపుతో తీసి, పెట్రోల్ కోసం అమ్మే ఎర్ర డబ్బాలోకి పట్టండి. డబ్బా నేల మీదే ఉండాలి. నోటితో గొట్టం పీల్చే మన పాత అలవాటు ఇక్కడ వదిలేయండి, ఊపిరితిత్తుల్లోకి ఒక గుక్క పోతే ఆసుపత్రే. తర్వాత మూత తీసి, ట్యాప్ విప్పి, బయట నీడలో, గాలి ఆడే చోట రెండు మూడు రోజులు వదిలేయండి. వాసన పూర్తిగా పోవాలి.

అప్పుడే ఖాళీ చేసిన ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదం. వినడానికి వింతగా ఉంటుంది గానీ నిజం. పెట్రోల్ ఆవిరి గాలిలో సుమారు ఒకటిన్నర శాతం నుంచి ఏడున్నర శాతం మధ్యలో ఉన్నప్పుడే పేలుతుంది. నిండు ట్యాంకులో మామూలు వాతావరణంలో ఆవిరి అంతకంటే చిక్కగా ఉంటుంది. తడి ఆరీ ఆరని ఖాళీ ట్యాంకు ఆరే దారిలో సరిగ్గా ఆ మధ్యలోంచే పోతుంది. ఆ సమయంలో దాని దగ్గర హెయిర్ డ్రయ్యర్ కూడా పెట్టకండి. వెల్డింగ్ మాట చెప్పక్కర్లేదు.

వాసన పోయాక ట్యాప్ రంధ్రాన్ని రబ్బరు బిరడాతో మూసేయండి. కొన్ని పాత ట్యాంకులకి కింద రెండు వైపులనీ కలుపుతూ చిన్న గొట్టం ఉంటుంది, అదుంటే ఆ మొనలు కూడా మూయండి. 100 మిల్లీలీటర్లు టూ స్ట్రోక్ ఆయిల్ లోపల పోసి, మూత పెట్టి, ట్యాంకుని అన్ని వైపులకీ తిప్పండి. చంటిపిల్లని స్నానం తర్వాత ఒళ్ళో తిప్పినట్టు నిదానంగా, ప్రతి మూలకీ నూనె పాకేలా. పడవలకి వాడే ఫాగింగ్ ఆయిల్ స్ప్రే దొరికితే ఇంకా సులువు. డబ్ల్యూడీ 40 కొట్టి వదిలేసేవాళ్లున్నారు, అది పల్చన, అన్ని నెలలు నిలవదు. మిగిలిన నూనె వంచేసి, సిలికా జెల్ సంచి ఒకటి దారంతో కట్టి ఫిల్లర్ మెడలోంచి వేలాడదీసి మూత బిగించండి. దారం కట్టడం మర్చిపోకండి. సంచి లోపల పడి చిరిగిందంటే బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరుకోవాలి. పాత నూలు దుప్పటి చుట్టండి. ప్లాస్టిక్ సంచిలో కట్టేస్తే తేమ లోపలే చిక్కి పెయింటు బుడగలు తేలుతుంది. ఇలా ఆరబెట్టి, వాసన లేని ట్యాంకైతే ఇంట్లో అల్మారాలో పెట్టుకున్నా పరవాలేదు.

అందులో ఉన్న తుప్పుని ఈ చలికాలంలోనే వినెగర్ పోసి తీసేద్దామనుకుంటున్నారు కదా, ఇప్పుడొద్దు. 5 శాతం తెల్ల వినెగర్ నిండా పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే తుప్పు బాగానే కరుగుతుంది. కానీ ఆ తర్వాత బేకింగ్ సోడా నీళ్లతో కడగాలి, మంచినీళ్లతో కడగాలి, వెంటనే ఆరబెట్టాలి, వెంటనే నూనె పట్టించాలి. తుప్పు వదిలిన స్టీలు ఒళ్లు చెక్కేసిన కొబ్బరికాయలాంటిది, గంట తిరిగేలోపు మళ్లీ నారింజ రంగుకి తిరుగుతుంది. ఇదంతా పైపుతో నీళ్లు పారించుకుంటూ ఆరుబయట, మే నెల ఎండలో చేసే పని. అప్పటిదాకా ఉన్న తుప్పు మీదే నూనె పట్టించండి. నూనె తుప్పులోకి ఇంకి దాన్ని ఉన్నచోటే ఆపుతుంది. లోపల ఎపాక్సీ లైనింగ్ పోయమని కూడా ఎవరో చెప్తారు. కన్నాలు పడి కారుతున్న ట్యాంకుకి తప్ప నేను పోయను. సరిగ్గా అంటని లైనింగ్ కొన్నేళ్లకి పొరలు పొరలుగా ఊడితే, తుప్పు కంటే దాన్ని వదిలించడమే కష్టం.

మామగారి సలహా మిగిలింది. మన ఇళ్లల్లో ఇదొక ఆచారం. కొడుకు అమెరికా వెళ్తే ఆదివారం పూట నాన్న బండి కవరు తీసి, పది నిమిషాలు స్టార్ట్ చేసి, రెండుసార్లు యాక్సిలరేటర్ తిప్పి, మళ్లీ కవరు కప్పుతారు. మా నాన్నా చేసేవారు. బెజవాడ ఎండలో దానివల్ల పెద్ద నష్టం లేదు, బజారు దాకా ఒక రౌండు వేసొస్తే ఇంకా మంచిది. ఇక్కడ అలా కాదు. ఒక లీటరు పెట్రోల్ కాలితే దాదాపు ఒక లీటరు నీళ్లు పుడతాయి. ఇంజిన్ బాగా వేడెక్కితే అవి ఆవిరిగా బయటికి పోతాయి. మైనస్ 10లో నిలబెట్టిన చోటే పది నిమిషాలు తిప్పితే ఇంజిన్ ఆయిల్, సైలెన్సర్ అంతగా వేడెక్కవు, ఆ నీళ్లు అక్కడే ఉండిపోతాయి. పైగా ప్రతిసారీ ట్యాంకులో మట్టం తగ్గుతూ వచ్చి, మీరు కప్పిన గోడ మళ్లీ బయటపడుతుంది. మూసిన గరాజ్‌లో అయితే కార్బన్ మోనాక్సైడ్ సంగతి సరేసరి. బండిని ఏప్రిల్ దాకా ముట్టుకోకండి. చెయ్యి దురద పెడితే బ్యాటరీకి టెండర్ (చార్జ్ తగ్గకుండా చూసే చిన్న చార్జర్) తగిలించి దాని పచ్చలైటు చూసుకోండి. ఎలుకలు ఎయిర్ బాక్స్‌లో కాపురం పెట్టకుండా పీల్చే గొట్టం మూతికి ఒక గుడ్డ కుక్కి, కుక్కినట్టు హ్యాండిల్‌కి చీటీ కట్టండి. చీటీ లేకపోతే మర్చిపోతారు. నేను మర్చిపోయాను.

రోడ్ల మీద ఉప్పు వానలకి కడుక్కుపోయాక, ఏప్రిల్ మధ్యలో బండి తీయండి. మూత తీసి ముందు వాసన చూడండి. మామూలు పెట్రోల్ వాసనొస్తే స్టార్ట్ చెయ్యండి, సగం ట్యాంకు అయ్యాక కొత్తది కొట్టించండి. పుల్లటి వార్నిష్ కంపు కొడితే స్టార్ట్ చెయ్యకండి, పంపు ద్వారా ఆ చెత్త ఇంజెక్టర్లకి పోతుంది, మొత్తం తీసేయాలి. సీబీ ట్యాంకుని వాడే ముందు అర లీటరు కొత్త పెట్రోల్‌తో నూనె కడిగేయండి. అలా తీసిన పాత పెట్రోల్, నూనె కలిసిన పెట్రోల్ డ్రెయిన్‌లోనూ పెరట్లోనూ పోయకండి. ప్లిమత్ హెన్నెపిన్ కౌంటీలోకే వస్తుంది. ఇళ్లల్లోని ప్రమాదకర చెత్త తీసుకోవడానికి కౌంటీకి బ్రూక్లిన్ పార్క్‌లో ఒకటి, బ్లూమింగ్టన్‌లో ఒకటి కేంద్రాలున్నాయి. మీకు బ్రూక్లిన్ పార్క్ దగ్గర. మూత గట్టిగా బిగించిన డబ్బాలో తీసుకెళ్లండి, డబ్బా మీద ఏముందో రాయండి. వెళ్లే ముందు వాళ్ల వేళలు చూసుకోండి.